పన్నెండు గజాలు తూర్పుకి

మా తూములపేట మునిసిపాలిటీలో బతికున్నవాళ్ళ రికార్డులు ఏనాడూ సరిగ్గా లేవు. నీటిపన్ను జాబితాలో ఉన్నవాడు ఇంటిపన్ను జాబితాలో ఉండడు. రెండింట్లోనూ ఉన్నవాడు ఊళ్ళోనే ఉండడు. వీళ్ళతో వేగలేక, ఎదురు మాట్లాడరన్న ధైర్యంతో, సంస్కరణలు చచ్చినవాళ్ళ దగ్గర మొదలుపెట్టాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఆ పథకానికి 'శాంతిపటం' అని పేరు పెట్టారు. సమాధుల వివరాలన్నీ కాగితాల మీంచి తీసి ఫోనులో కనపడే పటంలోకి ఎక్కించడం దాని ఉద్దేశం.

ఆ ఆఫీసులో జనన మరణాల విభాగం సీనియర్ అసిస్టెంటుని నేనే. పేరు నరసింహమూర్తి. నా బీరువాలో ఖననం రిజిస్టర్లు పదకొండు ఉండేవి. కాలవగట్టున ఉన్న సమాధుల తోటలో ఎవరిని ఏ తేదీన, ఏ వరసలో ఎన్నో చోట పెట్టారో వాటిలో రాసి ఉండేది. మొదటి రిజిస్టరులో దస్తూరీ ఎంత ముచ్చటగా ఉండేదంటే, అది చూసి చావు మీద కొంచెం గౌరవం కలిగేది.

సర్వే చేయడానికి ప్రణీత్ అనే కన్సల్టెంటు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇరవయ్యారేళ్ళ వాడు, మర్యాదస్తుడు. మూడుకాళ్ళ యంత్రం ఒకటి తెచ్చుకున్నాడు. ముందుగా తోట గేటు భూమ్మీద ఎక్కడుందో ఆ యంత్రం ఆకాశాన్ని అడిగి తెలుసుకుంటుంది. తర్వాత గేటు నుంచి ఒక్కో సమాధికీ టేపుతో కొలుచుకుంటూ పోతే పటం తయారవుతుంది.

యంత్రం ఆకాశాన్ని అడగాల్సిన పూట వాన పట్టుకుంది. ప్రణీత్ యంత్రాన్ని ఎత్తుకుని రోడ్డు దాటి సింహాచలం టీకొట్టు రేకుల కిందకి పరుగెత్తాడు. బెంచీ పక్కన దాన్ని నిలబెట్టి, అల్లం టీ తాగుతూ మీట నొక్కాడు. యంత్రం తన స్థానం చెప్పింది. దాని పక్కన 'గేటు' అని రాసుకున్నాడు. మర్నాడు ఎండ కాసింది. టేపు కొలతలన్నీ అసలు గేటు నుంచే, అంగుళం తేడా లేకుండా తీసుకున్నాడు.

అంటే ఒక్క సమాధి కొలత కూడా తప్పు పోలేదు. సమాధుల తోట మొత్తం మాత్రం పన్నెండు గజాలు తూర్పుకి జరిగింది.

ఈ సంగతి అప్పట్లో ఎవరికీ తెలీదు. తోటలో గోతులు తవ్వే ఏసోబు సర్వే జరిగిన మూడు రోజులూ ప్రణీత్ వెనకే తిరిగాడు. "బాబుగారూ, ఎవరెక్కడున్నారో నేను చెప్తానండి, మా తాత కాణ్ణించీ మేమే తవ్వుతున్నాం" అన్నాడు. "థాంక్స్ పెద్దాయనా, మనకి మనుషుల మీద ఆధారపడే సిస్టమ్ వద్దు" అన్నాడు ప్రణీత్.

ప్రారంభోత్సవానికి కమిషనర్ పద్మనాభం గారు తోట ముందు షామియానా వేయించారు. "ఇంతవరకూ మన పట్టణంలో మృతులు ఒక విధానమంటూ లేకుండా పడి ఉండేవారు. నేటి నుంచి ప్రతి మృతుడికీ ఒక గుర్తింపు సంఖ్య, ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. ఇకపై తూములపేటలో చిరునామా లేని మృతుడు ఉండడని సభాముఖంగా హామీ ఇస్తున్నాను" అన్నారు. చప్పట్లు కొట్టాం. వెనక వరసలో ఎవరో ముసలాయన లేచి, "మరి బతికున్నోళ్ళకి పట్టాలెప్పుడిస్తారండీ?" అని అడిగాడు. ఆయన్ని కూర్చోబెట్టారు.

మర్నాడే రిజిస్టర్ల సంగతి వచ్చింది. ఒకే మనిషికి రెండు రికార్డులుంటే ఆడిట్ అభ్యంతరం వస్తుందట. 'ద్వంద్వ రికార్డు నివారణ' కింద పాతవి నాశనం చేయాలని ఉత్తర్వు. పదకొండు రిజిస్టర్లూ కాగితాల మిల్లుకి వెళ్ళి గుజ్జయ్యాయి. 'నా సమక్షమున ధ్వంసపరచడమైనది' అన్న చోట నేను సంతకం పెట్టాను. ముప్పై ఏళ్ళుగా పెడుతున్నాను కాబట్టి చెయ్యి దానంతటదే కదిలింది.

రెండు వారాలకి వడ్రంగి మోషే చనిపోయాడు. ఆయన కొడుకు ఫోనులో శాంతిపటం తెరిస్తే కాలవ వైపంతా పచ్చగా కనిపించింది. పచ్చగా ఉంటే ఖాళీ అని అర్థం. అందులో డి-7 అన్న చోటు నొక్కాడు. 'అభినందనలు! మీ స్థలం ఖరారైంది' అని వచ్చింది. ఏసోబు పలుగు, పార పట్టుకుని డి-7 దగ్గరికి వెళ్ళాడు. అక్కడ నల్లరాతి సమాధి ఉంది. దాని మీద 'పొన్నూరి ఇస్సాకు, ఉపాధ్యాయులు' అని చెక్కి ఉంది.

బయట శవపేటికతో జనం నిలబడి ఉన్నారు. ఫోను పచ్చగానే ఉంది. ఏసోబు కాసేపు రాయినీ, కాసేపు ఫోనునీ చూసి, ఉత్తరపు మూల నిజంగా ఖాళీగా ఉన్న నేలలో గొయ్యి తవ్వి మోషేని అక్కడ పెట్టాడు. మోషే కొడుకు ఆ చోటుని పటంలో నమోదు చేస్తే, సాయంత్రానికి అతనికి సందేశం వచ్చింది. 'మీ మోషే గారు ఇతరులకు కేటాయించిన స్థలమును ఆక్రమించినట్లు గుర్తించడమైనది. ఏడు దినములలోగా స్వయముగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెను.'

ఏసోబు అక్కణ్ణించి తిన్నగా రాహేలమ్మ గారింటికి పోయి సంగతి చెప్పాడు. ఆవిడ ఇస్సాకు మాస్టారి భార్య. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. డెబ్బై నాలుగేళ్ళు. మర్నాడు పదింటికల్లా ఏసోబుని వెంటేసుకుని మా ఆఫీసుకి వచ్చింది. గొడుగు నా బల్లకి ఆనించి, కుర్చీ తనే లాక్కుని కూర్చుంది.

"ఏం మూర్తీ, మా ఆయన్ని ఎక్కడికి బదిలీ చేశారు?" అంది.

నేను ప్రణీత్‌ని పిలిచాను. అతను టాబ్లెట్లో పేరు కొట్టి, ఆవిడ వైపు తిప్పాడు. "చూడండి మేడమ్, ఇస్సాకు గారు. ఇదిగో చుక్క. ఉన్నారు కదా!"

"అక్కడున్నది దానియేలు గారు. రైల్వేలో గార్డుగా చేశాడు. ఈయనకీ ఆయనకీ బతికుండగానే పడదు."

"దానియేలు గారు ఇంకొంచెం ముందుకి వెళ్ళారు మేడమ్. ఇదిగో, ఇక్కడికి."

"ఎప్పుడెళ్ళాడు? ఎవరితో చెప్పి వెళ్ళాడు?"

ప్రణీత్ ఓపికగా వివరించాడు. సవరణ కావాలంటే ఒక పద్ధతి ఉంది. స్థలదారు తన ఫోను నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. స్థలదారు అంటే ఇస్సాకు మాస్టారు. ఆయన నంబరుకి ఓటీపీ వెళుతుంది.

"ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది నాయనా."

"ఓకే మేడమ్, అలాంటి కేసుల్లో కుటుంబసభ్యులకి అవకాశం ఇచ్చాం. స్థలదారు ఆ స్థలంలోనే ఉన్నట్టు ఫోటో అప్‌లోడ్ చేస్తే చాలు. ముఖం స్పష్టంగా కనపడాలి."

రాహేలమ్మ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "తవ్వి చూపించమంటావా?"

ప్రణీత్ నిబంధనలు కిందకీ పైకీ జరిపి చూశాడు. "తవ్వడానికి వేరే ఆప్షన్ ఉంది మేడమ్. దానికి ఫామ్ నైన్."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. అతను వెటకారం ఆడటం లేదని తెలిశాక ఆవిడ ముఖంలో కోపం పోయి, ఏదో జబ్బు గుర్తుపట్టినట్టు జాలి వచ్చింది. లేచి గొడుగు తీసుకుని, "మూర్తీ, నువ్వు చూసుకో" అని వెళ్ళిపోయింది.

నేను చూసుకోవడమంటే ఫైలు పెట్టడమే. పెట్టాను. దాంతో సమావేశం జరిగింది. అసిస్టెంట్ ఇంజనీరు భద్రయ్య గారు పటం పట్టుకుని తోట చుట్టూ తిరిగి వచ్చి, ఉన్న సంగతి చెప్పారు. పటం ప్రకారం పందొమ్మిది మంది రోడ్డు మధ్యలో ఉన్నారు. ముగ్గురు సింహాచలం టీకొట్టులో ఉన్నారు. కాలవ వైపు నిజంగా ఉన్న నలభై ఆరు సమాధులు ఖాళీ చోట్లుగా కనిపిస్తున్నాయి.

కమిషనర్ గారు కళ్ళు మూసుకుని విన్నారు. "పటం నూటికి నూరుపాళ్ళు కచ్చితమని నేను సర్టిఫికెట్ సంతకం చేసి పైకి పంపాను. ఇప్పుడు పటం తప్పంటే సర్టిఫికెట్ తప్పవుతుంది. సర్టిఫికెట్ తప్పంటే..." అని ఆగారు. మిగిలింది చెప్పాల్సిన పని లేదు. "మరోవైపు చూద్దాం. నేలకి ఎవరైనా సర్టిఫికెట్ ఇచ్చారా?"

ఎవరూ ఇవ్వలేదు.

"అంటే రెండింట్లో ధ్రువీకరణ లేనిది ఏది?"

"నేలే సార్" అన్నారు భద్రయ్య గారు, కొంచెం ఆలోచించి. "కాకపోతే నేల కదలదు సార్. రాళ్ళయితే కదుల్తాయి."

అలా 'క్షేత్ర అనుగుణీకరణ' పుట్టింది. క్షేత్రంలో ఉన్నదానికీ పటంలో ఉన్నదానికీ తేడా వస్తే, క్షేత్రాన్ని పటానికి అనుగుణంగా సరిదిద్దాలి. ప్రతి సమాధి రాయినీ ఫోను చూపించే చోటికి జరపాలి. పైగా, కాలవ వైపు నలభై ఆరు కొత్త చోట్లు దొరుకుతాయి. "ఒక్క సెంటు భూసేకరణ లేకుండా!" అని కమిషనర్ గారు బల్ల మీద వేలితో కొట్టి చెప్పారు.

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, రాళ్ళు జరిపినా కింద మనుషులు అక్కడే ఉంటారు కదండీ. రేపు ఆ ఖాళీ చోట ఎవరైనా తవ్వితే..."

"మూర్తి గారూ," అన్నారు ఆయన మెత్తగా, "మన పథకం ఉపరితలానికి సంబంధించింది. కింది భాగం మన శాఖ కాదు. గనుల శాఖ వాళ్ళు అభ్యంతరం చెబితే అప్పుడు చూద్దాం."

సమావేశం ముగిశాక నా గదిలో ఒక్కణ్ణే కూర్చుని శాంతిపటం తెరిచాను. ఇక్కడ నా స్వంత విషయం ఒకటి చెప్పాలి.

ఇరవై ఏడేళ్ళ కిందట మాకు మొదట ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది రోజులు ఉంది. మా ఇళ్ళలో పెద్దవాళ్ళని దహనం చేస్తారు, పసివాళ్ళని మాత్రం పూడ్చిపెడతారు. సమాధుల తోటలో, ఇస్సాకు మాస్టారున్న వరసకీ కాలవగట్టుకీ మధ్య, ఏ కులం పిల్లలనైనా పెట్టే వరస ఒకటుంది. ఏసోబే తవ్వాడు. జానెడు నాపరాయి ముక్క గుర్తుగా పాతాడు. తల్లి అటు వెళ్ళకూడదని మా పెద్దవాళ్ళు కట్టడి చేశారు. శారద ఎప్పుడూ వెళ్ళలేదు. నేను ఏటా ఒకసారి తనిఖీ పేరు మీద వెళ్ళి నిలబడి వచ్చేవాణ్ణి.

వరస నొక్కాను. తేదీ కొట్టాను. 'వివరములు లభ్యం కాలేదు' అంది పటం. 'పేరు' అన్న గడిలో ఎర్రచుక్క వెలుగుతోంది. పేరు తప్పనిసరి.

ప్రణీత్‌ని పిలిచి చూపించాను. "ఓ, అవా సార్! పేరు లేని ఎంట్రీలు రెండువందల పన్నెండు వచ్చాయి. పురిట్లో పోయిన పిల్లలు, అనాథ శవాలు. సిస్టమ్ తీసుకోలేదు. వాటిని అసంపూర్ణ మృతులుగా క్లాసిఫై చేసి తీసేశాం. డేటా క్లీనింగ్ అంటారు. ఎందుకు సార్, ఏమైనా ఫిర్యాదు వచ్చిందా?"

"లేదు" అన్నాను.

రిజిస్టరులో ఆ పేజీ నాకు కళ్ళకి కట్టినట్టుంది. 'బాలిక. వయస్సు తొమ్మిది దినములు. తండ్రి: నరసింహమూర్తి.' ఆ రిజిస్టరు గుజ్జయిందనడానికి సాక్షి సంతకం కూడా నరసింహమూర్తిదే.

అనుగుణీకరణ సోమవారం మొదలైంది. కాంట్రాక్టరు మనుషులు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గడ్డపలుగు పట్టుకుని దిగారు. రాయి పెకలించడం, బండి మీదకెత్తడం, ఫోను 'చేరుకున్నారు' అన్నచోట దించడం. ఫోనుకి మబ్బు పట్టినప్పుడు ఒకలా, ఎండ కాసినప్పుడు ఒకలా తోచేది. ఒక్కోసారి రెండు రాళ్ళు ఒకేచోటికి చేరుకునేవి. అప్పుడు రెండింటినీ వీపుకి వీపు ఆనించి పెట్టేవారు. రోడ్డు మీదకి పోవాల్సిన పందొమ్మిది రాళ్ళకి రోడ్ల శాఖ ఒప్పుకోలేదు. వాటిని మునిసిపల్ షెడ్డులో చెత్తబళ్ళ పక్కన పేర్చి, పటంలో 'రవాణాలో ఉన్నారు' అని చూపించారు. టీకొట్టు సింహాచలానికి, మూడు రాళ్ళకి చోటిమ్మని నోటీసు వచ్చింది.

"నా కొట్టు కింద మురుగుకాలవుందండీ, మనుషుల్లేరు!" అని అతను లబోదిబోమన్నాడు. అయినా మూడు రాళ్ళు తెచ్చి కొట్టు గోడకి ఆనించారు. అతను వాటి దుమ్ము తుడిచి, రోజూ బంతిపూలు పెట్టడం మొదలెట్టాడు. జనం టీ తాగుతూ అక్కడ గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

రాళ్ళు లేచిన నేలని యంత్రంతో చదును చేశారు. పిల్లల వరసలో నాపరాళ్ళని ఎవరూ సమాధులనుకోలేదు. మిగతా రాళ్ళురప్పలతో కలిపి గట్టు అవతలికి తోసేశారు.

మూడో రోజు బండి ఇస్సాకు మాస్టారి దగ్గరికి వచ్చేసరికి రాహేలమ్మ గారు రాయి మీద కూర్చుని ఉంది. గొడుగు వేసుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, పక్కన మంచినీళ్ళ సీసాతో. బండి తోలేవాడు ఇంజను ఆపేశాడు. సూపర్‌వైజరు అరిస్తే, "నేను రాళ్ళెత్తే బండి తోలతానండి, ముసలమ్మల్నెత్తే బండి కాదు" అని దిగి బీడీ ముట్టించుకున్నాడు.

ఆవిడ పొద్దున వచ్చి పనివాళ్ళు వెళ్ళిపోయేదాకా కూర్చునేది. చర్చి ఆడవాళ్ళు కేరేజీ తెచ్చి ఇచ్చేవారు. రెండు రోజులు చూసి, నచ్చజెప్పి రమ్మని కమిషనర్ గారు నన్ను పంపారు.

"రా మూర్తీ, కూర్చో" అంది, పక్కకి జరిగి. ఇస్సాకు మాస్టారి మీద కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. నిలబడ్డాను.

"అమ్మా, ఒక్కరి కోసం పని ఆగిపోయిందని పైనుంచి ఒత్తిడి..."

"నీ బిడ్డ రాయి ఏదయ్యా?"

నేను అటు చూశాను. కాలవగట్టు దాకా నేల చాపలా పరిచి ఉంది.

"ఆ రోజు ఆసుపత్రిలో డ్యూటీ నాదే. మీ ఆవిడ మూడు రోజులు పచ్చినీళ్ళు ముట్టలేదు. నాకు గుర్తుంది. నీకూ గుర్తుండే ఉంటుంది. మరి కాగితం మీద సంతకం ఎందుకు పెట్టావు?"

"పెట్టమన్నారమ్మా."

"పెట్టమంటే పెట్టావు. ఇప్పుడు లేపమంటే వచ్చావు." ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువయ్యేది. "వెళ్ళి చెప్పు. నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఈయన ఎక్కడున్నాడో నాకు తెలుసు. నేను లేవను."

వెళ్ళి చెప్పాను. 'వృద్ధురాలు కదులుటకు నిరాకరించుచున్నది' అని రాశాను. ఉద్యోగంలో చేరాక ఒక వాక్యం రాసి సంతోషపడటం అదే మొదలు.

కమిషనర్ గారు చిరాకుపడలేదు. కాసేపు ఆలోచించి నవ్వారు. "వదిలేయండి. నవంబరు రెండున రాష్ట్ర కమిటీ పరిశీలనకి వస్తోంది. నూటికి నూరు చూపిస్తే వాళ్ళకి అనుమానం రావచ్చు. ఒక్క తప్పు ఉంటే నిజాయితీగా కనిపిస్తుంది. ఇస్సాకు గారిని తప్పుగా చూపించండి." అలా మొత్తం తోటలో తన చోట తానున్న ఒకే ఒక్క సమాధిని పటంలో ఎర్రరంగు వేసి, 'పొరపాటు: 1' అని నమోదు చేశారు.

నవంబరు రెండు సమాధుల పండుగ. ఆ రోజు ఊళ్ళో క్రైస్తవులందరూ తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కమిటీ వస్తుందని ఆఫీసువాళ్ళం ముందే తోటకి చేరుకున్నాం. మధ్యాహ్నం రెండింటికే జనం రావడం మొదలైంది. బుట్టలు, సున్నం డబ్బాలు పట్టుకుని గేటులోంచి వచ్చి, అలవాటైన చోటికి నాలుగడుగులు వేసి, ఆగిపోయారు. రాయి ఒకచోట ఉంది, తమ మనిషి ఇంకెక్కడో ఉన్నాడు. ఎక్కడో తెలియడం లేదు. ఒకావిడ రెండు రాళ్ళ మధ్య నిలబడి, "మా అమ్మేదీ? మా అమ్మేదీ?" అంటూ చుట్టూ తిరుగుతోంది. అందరూ ఏసోబు మీద పడ్డారు.

"నాకు మాత్రం ఏం తెలుస్తుందమ్మా!" అన్నాడు ఏసోబు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా గుర్తులన్నీ రాళ్ళే. ఆ రాయి నించి ఇన్ని అడుగులని లెక్క. లెక్క ఉంది, రాయి లేదు. నేనెక్కణ్ణించి మొదలెట్టనూ?"

"ఇక్కణ్ణించి" అంది రాహేలమ్మ గారు.

అందరం అటు తిరిగాం. ఆవిడ లేచి నిలబడి, తను కూర్చున్న రాయిని గొడుగుతో తట్టింది. "ఇది కదల్లేదుగా. ఈయన పక్కనెవరు?"

ఏసోబు రాయికి వీపు ఆనించి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. "మాస్టారి నించి దక్షిణానికి నాలుగడుగులు, కృపమ్మ గారు" అని నాలుగడుగులు వేశాడు. "ఇక్కడ." మా అమ్మేదని తిరుగుతున్నావిడ అక్కడే కూలబడి నేలని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చోట నిలబడి ఉన్న రాయి మీద సమ్సోను అని ఎవరిదో పేరుంది. ఆవిడ దాన్ని చూడనేలేదు. "మళ్ళీ మాస్టారి నించి తూర్పుకి పద్నాలుగు, దానియేలు గారు. ఆయన్నించి మళ్ళీ మూడు, వాళ్ళ తమ్ముడు."

ఏసోబు అడుగులేస్తున్నాడు, జనం వెనకే నడుస్తున్నారు. రాహేలమ్మ గారు నా వైపు చూసింది. "నోటితో చెప్పింది నోటితోనే పోతుంది. సంతకం పెట్టడమేనా, రాయడం కూడా వచ్చా నీకు?"

నేను గబగబా సింహాచలం కొట్టు పక్క దుకాణానికి పోయి, రెండువందల పేజీల నోటుబుక్కు తెచ్చుకున్నాను. గీతలు కొట్టుకుని, ఏసోబు చెప్పింది చెప్పినట్టు రాయడం మొదలెట్టాను.

నాలుగింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు, ఒక ఫోటోగ్రాఫరు. కమిషనర్ గారూ, ప్రణీత్ దారి చూపిస్తున్నారు. టాబ్లెట్లో చుక్క ఉన్నచోట రాయి ఉందా లేదా అని పాతిక చోట్ల సరిచూశారు. పాతికా సరిపోయాయి. సభ్యుల్లో పెద్దాయన తృప్తిగా తలాడించి, అప్పుడు జనం వైపు చూశారు. సమ్సోను రాయి ముందు ఒకావిడ కూర్చుని ఏడుస్తోంది. ఆయన దగ్గరికి వెళ్ళారు.

"సమ్సోను గారు మీకేమవుతారమ్మా?"

"ఏమీ కారండి" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన ఇంకో నాలుగుచోట్ల అడిగారు. ఎవరి ముందున్న రాయీ వాళ్ళవాళ్ళది కాదు. కమిషనర్ గారి ముఖం పాలిపోయింది. ప్రణీత్ టాబ్లెట్ ఆపేసి మళ్ళీ వెలిగించాడు. పెద్దాయన కళ్ళజోడు తీశారు.

"పద్మనాభం గారూ, నేను రాష్ట్రమంతా తిరిగాను" అన్నారు బరువైన గొంతుతో. "తమ సమాధులు తాము అలంకరించుకునే జనాన్ని చూశాను. ఒకరి సమాధిని ఇంకొకరు అలంకరించే జనాన్ని ఇక్కడే చూస్తున్నాను. ఈ సామరస్యం మీ పథకం వల్లనే వచ్చిందా?"

కమిషనర్ గారు ఒక్క ఊపిరి తీసుకున్నారు. "పూర్తిగా మా పథకం వల్లనే వచ్చింది సార్."

అది రాసుకున్నారు. డిసెంబరులో మా మునిసిపాలిటీకి 'సామాజిక సమైక్యత' విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. కమిషనర్ గారిని ఈ విధానం రాష్ట్రమంతటా అమలుచేసే పదవికి పంపారు. ఇస్సాకు మాస్టారి ఎర్రచుక్కని ఎవరూ పట్టించుకోలేదు. నోటుబుక్కులో పాత సమాధి ఉన్నచోట ఏసోబు గొయ్యి తవ్వడు. ఫోను ఎంత పచ్చగా చూపించినా తవ్వడు. సేవా లోపమని అతనికి నెలకొక నోటీసు వస్తుంది. అతనికి చదువు రాదు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ రోజు సంగతి. కమిటీ కార్లు వెళ్ళిపోయేసరికి అయిదయింది. నోటుబుక్కులో మూడువందలకి పైగా పేర్లు ఎక్కాయి. ఎండ పల్చబడింది. తోట నిండా కొవ్వొత్తులు, వాటి పక్కన ఎవరెవరివో రాళ్ళు. ఏసోబు మళ్ళీ మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈసారి పడమటికి తిరిగాడు.

"మాస్టారి నించి గట్టు వైపుకి ఏడడుగులు" అంటూ నడిచాడు. ఏడో అడుగు దగ్గర ఆగి, తువ్వాలు తీసి భుజం మీద సరిచేసుకున్నాడు. "ఇక్కడండి బాబుగారూ. మన పాప."

చదునైన మట్టి. నేను కాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాను. తర్వాత కింద కూర్చుని, నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, తేదీ రాశాను. వయసు రాశాను. తండ్రి పేరు రాశాను. మొదటి గడి ఖాళీగా ఉంది.

"పేరేం రాస్తారయ్యా?" అని ఏసోబు అడిగాడు.

తొమ్మిదో రోజుకే పోయిన పిల్లకి పేరెక్కడిది? ఇరవయ్యొకటో రోజున పెట్టాలనుకున్నాం. ఏం పేరు అనుకున్నామో నాకు గుర్తు లేదు. అసలు ఏదైనా అనుకున్నామో లేదో కూడా గుర్తు లేదు. ఫోను తీసి ఇంటికి చేశాను.

"శారదా, ఒకటి అడుగుతాను. మన పాపకి ఏం పేరు పెడదామనుకున్నాం?"

ఏ పాప అని ఆవిడ అడగలేదు. ఆలోచించలేదు కూడా.

"మధూలిక" అంది.

రాశాను. 'ధూ' కొంచెం పక్కకి పోయింది.

"మీరెక్కడున్నారు?" అంది శారద.

"తోటలో. దాని దగ్గరే."

అటువైపు బీరువా తలుపు చప్పుడు, తాళాల చప్పుడు.

"అక్కడే ఉండండి, కదలకండి. ఆటో ఎక్కి వస్తున్నాను."